దొర మెయిలు, దొంగ మెయిలు

దసరా దగ్గర పడుతోందంటే ఇన్‌బాక్సులో రెండు రకాల మెయిళ్లు వచ్చి పడతాయి. ఒకటి ఆన్‌లైన్ దుకాణం పంపింది, రెండోది దుకాణం వేషం కట్టిన దొంగ పంపింది. తేడా కనిపెట్టి మసలుకోండని బ్యాంకులు చెప్పాయి, పోలీసులు చెప్పారు, ఆమధ్య కొన్ని నెలలపాటు ఎవరికి ఫోన్ చేసినా కాలర్ ట్యూన్ కూడా చెప్పింది. చెప్పేవాళ్లకేం, చెబుతారు. ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టుకుని చూసేవాళ్లకి కదా తెలిసేది.

దొర మెయిలు ఇలా ఉంటుంది: “త్వరపడండి! ఇంకా రెండు గంటలే! మీ బుట్టలో వస్తువు అయిపోవస్తోంది! ఇక్కడ నొక్కండి.” దొంగ మెయిలేమో ఇలా: “త్వరపడండి! ఇంకా రెండు గంటలే! మీ ఖాతా ఆగిపోబోతోంది! ఇక్కడ నొక్కండి.” మొదటిదాన్ని నొక్కినవాడు విలువైన కస్టమర్. రెండోదాన్ని నొక్కినవాడు అవగాహన లేని పౌరుడు. ఏళ్ల తరబడి కంగారుపెట్టి నొక్కడం నేర్పిందెవరో మాత్రం ఎవరూ అడగరు.

పాపం, ప్రభుత్వం అడిగింది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో ఆన్‌లైన్ వ్యాపారుల మాయోపాయాలు 13 ఏరి, ఇవి పనికిరావని మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ జాబితాలో మొట్టమొదటిది లేని తొందర పుట్టించడం. కాబట్టి దొంగని మరీ తిట్టిపోయకండి. ఆయన సొంతంగా కనిపెట్టిందేమీ లేదు, పెద్దల బాటలో నడుస్తున్నాడంతే.

అయితే ఆయన పనితనాన్ని మెచ్చుకోవాల్సిన చోటు ఒకటుంది. మెయిలు వస్తుంది: “మీ ఆర్డరు ఖరారైంది. ఐఫోన్, 1,34,900 రూపాయలు, రేపు ఉదయం డెలివరీ. ఈ ఆర్డరు మీరు పెట్టకపోతే కింద నొక్కి రద్దు చేసుకోండి.” వెనకటి లాటరీ దొంగ మన ఆశ మీద బతికాడు. “అత్యాశకి పోయావు, అనుభవించు” అనడానికి చుట్టాలకి వీలుండేది. ఈయన అలా కాదు, కష్టార్జితం ఎక్కడ పోతుందోనన్న భయం మీద బతుకుతున్నాడు. గుండె గుభేల్‌మని నొక్కుతాం. అచ్చం దుకాణంలాంటి పేజీ తెరుచుకుంటుంది. లోగో అదే, రంగులవే. అడుగున ప్రైవసీ పాలసీ లింకు కూడా ఉంటుంది. చాలాసార్లు ఆ ఒక్క లింకూ నిజమైన దుకాణానికే వెళ్తుంది, దాన్ని ఎవరూ నొక్కరని దొరకీ తెలుసు, దొంగకీ తెలుసు. పాస్‌వర్డు అడుగుతుంది, కార్డు నంబరు అడుగుతుంది, చివరికి డబ్బు వెనక్కి వేయడానికంటూ ఓటీపీ అడుగుతుంది. మనం ఇక్కడ ఆరంకెలు కొట్టగానే అవతల వాటితో బేరం ముగిసిపోతుంది.

నన్నడిగితే దీన్ని పసిగట్టడానికి సాంకేతిక పరిజ్ఞానం అక్కర్లేదు, కాస్త లోకజ్ఞానం చాలు. అసలు దుకాణాల్లో ఏదైనా రద్దు చేసుకోవాలంటే ఎంత తతంగం! నాలుగు మెనూలు దిగాలి, కారణం చెప్పాలి, “నిజంగానే వెళ్లిపోతున్నారా?” అని బతిమాలించుకోవాలి. ఒక్క నొక్కుతో రద్దు చేసి, అడక్కుండానే డబ్బు వెనక్కిస్తానని ఎవరైనా అన్నారంటే అక్కడే అనుమానం రావాలి. అంత మంచి కస్టమర్ సర్వీసు దొంగల దగ్గరే దొరుకుతుంది.

తప్పుల ఇంగ్లీషును బట్టి పట్టేయొచ్చని ఒకప్పుడు చెప్పేవారు. అసలు అలాంటి మెయిళ్లను నమ్మశక్యం కాకుండా కావాలనే రాస్తారనీ, అనుమానించే రకాన్ని మొదట్లోనే వదిలించుకుని అమాయకులను మాత్రం మిగుల్చుకునే జల్లెడ అదనీ మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు కోర్మాక్ హెర్లీ 2012లో ఒక పత్రం రాశాడు. ఇప్పుడు జల్లెడ అవసరం కూడా తీరిపోయింది, ఏఐ వచ్చి దొంగల వ్యాకరణం దిద్దిపెట్టింది. మా కాలనీలో ఒక రిటైర్డు ఇంగ్లీషు మాస్టారున్నారు. ఇన్నాళ్లూ ఇలాంటి మెయిళ్లు రాగానే తప్పులు లెక్కపెట్టి, సున్నా మార్కులు వేసి తీసేసేవారు. మొన్న ఒకటి చదివి, “కామాలు కూడా ఎక్కడివక్కడ పెట్టాడోయ్!” అని మురిసిపోతూ కార్డు వెనక మూడంకెలు వెతుకుతుంటే కోడలు ఫోను లాక్కుంది.

ఇక చిరునామా సంగతి. మన ఇంటిపేరు ముందుంటే ఇంటర్నెట్‌లో ఇంటిపేరు చివరుంటుంది. లింకు మొదట్లో అమెజాన్ అని రాసి చుక్క, ఇన్ అని రాసి ఇంకో చుక్క, ఆ తర్వాత ఊరూపేరూ లేని ఎవరిదో పేరు ఉందంటే, మొదటి ఒంటి స్లాష్‌కి ముందున్న ఆ చివరాయనే యజమాని. అది మనం కనిపెట్టగలిగితే దొంగ స్పెల్లింగులో ఎం తీసేసి ఆర్, ఎన్ ఆనించి పెడతాడు. ఎల్ బదులు 1 అంకె పెడతాడు. ఫోన్ తెరమీద, అదీ చత్వారపు కళ్లకి, ఏది ఏదో బ్రహ్మకి కూడా తెలియదు. తాళం బొమ్మ చూసి నమ్మమనేవాళ్లూ ఉన్నారు. తాళం ఉంటే దారిలో ఎవరూ తొంగిచూడరన్న మాట నిజమే. లోపల కూర్చున్నది ఎవరో అది చెప్పదు. ఆ తాళమూ ఉచితంగానే దొరుకుతోంది.

బ్యాంకులకైతే రిజర్వు బ్యాంకు ఒక కంచె వేసింది. 2025 అక్టోబరు 31లోగా అన్నీ ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ చిరునామాల్లోకి మారాలంది. దుకాణాలకి అలాంటి కంచె లేదు. అసలు దుకాణాల సేల్ మెయిళ్లలోని లింకులే గజం పొడుగున ఉంటాయి. వాటిని చూసి అసలూ నకిలీ తేల్చమనడం మనకి పెట్టిన పరీక్ష, తప్పితే ఫీజు కూడా మనదే.

ఫీజంటే గుర్తొచ్చింది. 2017 జులైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, కార్డు వివరాలు ఖాతాదారు తానే చెప్పేస్తే అది నిర్లక్ష్యం. బ్యాంకుకి తెలియజేసేదాకా పోయిందంతా అతని ఖాతాలోనే. మరి వేషం కట్టి మోసగించినవాడికో? ఐటీ చట్టం 66డి కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. మెయిల్లో చూపించిన ఐఫోన్ కన్నా చవక. అదీ, దొరికితే.

దొంగకి అన్నిటికన్నా పెద్ద అండ మన పరువు. పోగొట్టుకున్నాయన ఇంట్లో చెప్పడు, బ్యాంకులో చెప్పడు. తేలు కుట్టిందీ ఇంటాయన్నే, కిక్కురుమననిదీ ఇంటాయనే. దొంగ మాత్రం హాయిగా తర్వాతి మెయిలు రాసుకుంటాడు.

కాబట్టి, అయ్యా, అమ్మా, అసలూ నకిలీ తేల్చే పరీక్షకి అసలు కూర్చోకండి. మెయిల్ని అక్కడే వదిలేసి, యాప్ మీరే తెరిచి ‘మీ ఆర్డర్లు’ చూడండి. అక్కడ ఆ ఐఫోన్ లేకపోతే ఎక్కడా లేనట్టే. డబ్బు మీ ఖాతాలోకి రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు, పోవడానికే కావాలి. ఇప్పటికే నొక్కేసి ఉంటే బ్యాంకుకీ, 1930కీ ఈ క్షణమే ఫోన్ చేయండి. సిగ్గుపడే పని రేపటికి వాయిదా వేసుకోవచ్చు.