జబ్బకు జీవో లేదు

వరద కాలంలో మన సర్కారువారికి ఉన్నంత కొలతల శ్రద్ధ కంసాలికి కూడా ఉండదు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు దిగాయని దశాంశంతో సహా చెప్పారు. దివిసీమ లంకల్లో మునిగిన అరటి, నందివాడలో గట్టు తెగిన చేపల చెరువు, అన్నీ లెక్కే. చేను 33 శాతం పోతే పరిహారం, 32 శాతమైతే నమస్కారం. మరి పునరావాస కేంద్రంలో తల్లి చంకనున్న బిడ్డల జబ్బలు ఎన్ని కొలిచారో ఏ సాయంత్రం బులెటిన్లోనైనా విన్నారా?

తిండి చాలక బిడ్డ ఎంత బక్కచిక్కిందో తేల్చడానికి ఉపగ్రహం అక్కర్లేదు, జబ్బకు చుట్టే మూడు రంగుల టేపు ముక్క చాలు. 1970ల్లో డాక్టర్లు పాత ఎక్స్‌రే ఫిల్ములు కత్తిరించి ఈ పని కానిచ్చారు. ఆరు నెలలు దాటిన, అయిదేళ్లు నిండని బిడ్డ ఎడమ జబ్బకు, భుజానికీ మోచేతికీ నడిమధ్యన చుట్టాలి. 12.5 సెంటీమీటర్లు, ఆపైన ఉంటే పచ్చ, 11.5కు తగ్గితే ఎరుపు, మధ్యన పసుపు. రెండు పాదాల మీద నొక్కితే గుంట పడిందా, టేపు పచ్చ చూపినా ప్రమాదమే. గర్భిణి జబ్బ 23కు తగ్గితే ఆమెకూ అదనపు తిండి కావాలి.

పంచాయతీ ఆఫీసు గోడల రంగు తగువును 2020లో సుప్రీంకోర్టు దాకా మోసిన రాష్ట్రం మనది. ఈ మూడు రంగుల మీద మాత్రం ఏ పార్టీకీ పట్టింపు లేదు. ఏడాది బిడ్డకు ఓటు రావాలంటే ఇంకా పదిహేడేళ్లు పడుతుంది మరి!

పులిహోర పొట్లాలకు లోటు రానివ్వరు, ఆ మాట ఒప్పుకోవాలి. ఎనిమిది నెలల పిల్ల ఎండుమిరపకాయ నమలలేకపోతే అది ఆ పిల్ల క్రమశిక్షణా లోపం. బాలింతకూ అదే పొట్లం, ఆమె అత్తగారికీ అదే. సమానత్వం రాజ్యాంగంలోనే ఉంది.

పిల్లల, తల్లుల తిండి లెక్కకు అంగన్‌వాడీ యాప్ ఉంది కదా అంటారు. ఉంది. 2025 నుంచి తల్లి ముఖం చూపితేనే ఇంటికిచ్చే సరుకు. పేరేమో నాగాయలంక అంగన్‌వాడీలో, మనిషేమో గుడివాడలో చుట్టాలింట, ఫోనేమో నీళ్లలో. ఇక ముఖం ఎవరికి చూపాలి?

కొలవాల్సిన అంగన్‌వాడీ టీచరు జీతం పెంచమని 42 రోజులు సమ్మె చేసింది. 2024 జనవరిలో ఎస్మా ప్రయోగించారు. ఆమెది అత్యవసర సేవ అని ఏలినవారికి అప్పుడే తట్టింది!

1977 నవంబరు 19 నాటి ఉప్పెన వేలమందిని మింగాక, శవాల సంఖ్య తగ్గించడం నేర్చుకున్నాం. అది చిన్న విషయం కాదు. కానీ పునరావాస కేంద్రం రెండు మూడు రోజుల్లో మూసేస్తారు. వేట ఆగి, కూలి ఆగి, గంజి పలచబడే రోజులు ఆ తర్వాతే మొదలు. అసలు ఏ తుఫానూ లేకుండానే 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రాష్ట్రంలోని అయిదేళ్లలోపు పిల్లల్లో 16.1 శాతం మంది ఎత్తుకు తగ్గ బరువు లేనివాళ్లు. స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత.

బందరు కలెక్టరేటులో ఈసారి సమీక్ష పెట్టినప్పుడు టార్పాలిన్లు, జనరేటర్ల జాబితా కింద ఒక్క వరుస చేర్చండి: జబ్బ టేపులు. కేంద్రానికి వచ్చిన రోజే ఒకసారి, ఇళ్లకు పోయిన మూడు వారాలకు మళ్లీ ఒకసారి కొలవండి. ఎరుపు తేలిన బిడ్డను, పేరు ఏ ఊరి రిజిస్టరులో ఉన్నా, ఆ రోజే ఆసుపత్రికి పంపండి.