‘బిళ్ళలు తడుపు’: ఒక మేనమామ వాక్యమునకు టీకాతాత్పర్యములు

మూలము: “ఒరేయ్ అబ్బాయ్! ఒంట్లో సత్తువుంటే మల్లెపాదుకు గొప్పు తవ్వు; మనసు కుదురుగా ఉంటే వీణ తియ్యి; రెండూ లేకపోతే బిళ్ళలు తడుపు. అంతేగాని ఊరికే మూలగకు.”

అవతారిక: ఆదివారము అపరాహ్ణమున, భుక్తాయాసము తీరియు తీరని వేళ, ఏమియు తోచుటలేదని పడకకుర్చీలో పొరలుచున్న మేనల్లునిజూచి, పింఛను పుచ్చుకొనుచు ఇంటిపట్టున నుండు మేనమామ ఆనతిచ్చిన వాక్యమిది. వాత్స్యాయనుడు చతుష్షష్టికళలను పేర్కొనుచు, వృక్షాయుర్వేదము మొదలు చిలుకలకును గోరువంకలకును మాటలు నేర్పుటదాక దేనిని విడువక చెప్పెనే కాని, ఏ కళను ఏ సాయంకాలమున ఎంత అలసినవాడు చేపట్టవలెనో సెలవీయలేదు. ఆ లోపమును పూరించుటకే ఈ వాక్యము పుట్టినదని మా తలంపు. అమూలకమైనదానిని వ్రాయనని ప్రతిన పూనిన కోలాచల మల్లినాథసూరి అడుగుజాడలలో నడువవలెననియే యున్నది గాని, మూలము నాలుగు ముక్కలే యగుటచే ఆ నియమమును కొంత సడలింపక తప్పినది కాదు.

ప్రతిపదార్థము: ఒంట్లో = దేహమునందు; సత్తువ + ఉంటే = బలము నిజముగా ఉన్న యెడల (ఉండవలసినదను కోరిక చాలదని భావము); గొప్పు తవ్వు = మొదటిచుట్టునున్న మన్నును వేళ్ళు తెగకుండ గుల్లచేయుము; వీణ తియ్యి = ఉగాదినాటి ఉత్సాహములో కొని, నాటినుండియు ముసుగువేసి గోడవారగా నుంచిన వీణను వెలికి తీయుము; బిళ్ళలు = తపాలా బిళ్ళలను; తడుపు = నీట నానవేయుము. మందుబిళ్ళలని కొందఱు వ్యాఖ్యానించిరి. అది ప్రకరణవిరుద్ధము, మందుబిళ్ళలను తడిపినవాడు లోకమున కానరాడు.

తాత్పర్యము: దేహబలమును మనస్స్థైర్యమును వేర్వేరు కోశాగారములు, ఒకటి నిండియున్నపుడు వేఱొకటి వట్టిపోయి యుండవచ్చును. కావున ఏది యున్నదో చూచుకొని దానితో సాగు వ్యాసంగమునే చేపట్టవలెను.

వ్యాఖ్య: కచేరిలో పైయధికారితో మాటపట్టింపు వచ్చి, బదులు చెప్పలేక, ఆ బదులంతయు భుజములలో దాచుకొని యింటికి వచ్చినవానికి సత్తువకు కొదువ యుండదు, కుదురే యుండదు. అట్టివాడు వీణ ముట్టరాదు. బొబ్బిలి పనివారు పనసకఱ్ఱను తొలిచి మలచిన మేలివీణయైనను సరే, మైనముపై నిలిపిన 24 మెట్లును, వాయించు తంత్రులు 4ను, తాళతంత్రులు 3ను ఓర్పుగలవాని చేతికే లొంగును. కోపి బిరడను వెండ్రుకవాసి ఎక్కువ త్రిప్పును, సారణి తెగును, అంతటితో కోపమునకు కారణములు రెండగును. అతనికి తగినది మల్లెపాదు. పుష్యమాసమున నీరు మాన్పించి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించి, ఆపైని గొప్పు త్రవ్వి ఎరువు వేసి తడిపిన మల్లె వేసవి తొలినాళ్ళలో విరియబూయును గనుక, ఆ కోపము పూర్తిగా వ్యర్థము కాదు. అయితే చేతికి బొరిగయే ఈయవలెను గాని గునపము నీయరాదు.

ఇచ్చట పూర్వపక్షము: “సంగీతము మనస్సును కుదుటపఱచునందురు గదా, కుదురులేనివాడే వీణ తీయవలదా?” అని. సమాధానము: కుదుటపడువాడు వినువాడు, వాయించువాడు కొంత కుదురును పెట్టుబడిగా తెచ్చుకొనవలెను. ఐనను మేనమామ ఇచ్చట కొంత కఠినముగా మాటాడెనని మా అభిప్రాయము. క్రొత్త వర్ణమునకు పూనుకొనక, వ్రేళ్ళకు ఎన్నడో పట్టుబడిన సరళీస్వరములనే విలంబమున పలికించుకొనువానికి ఆ నిషేధము వర్తింపదు.

ఇక మూడవ వాక్యఖండము. రసమంతయు ఇందే కలదు. బలమును లేక కుదురును లేక యున్నవానికి లోకము నిద్రపొమ్మని చెప్పును. సందెనిద్ర నడిరేయి జాగరణకు దారితీయుననుట ఎల్లరెఱిగినదే. మేనమామ అట్లనక “తడుపు” మనెను. అతికింపుమనలేదు, సరిచూడుమనలేదు, ఆ క్రియ నేరుకొనుటయందే అతని ప్రౌఢి యున్నది. బిళ్ళలు సేకరించుటలో శ్రమతరగతులు పెక్కు. అంచు రంధ్రములు 2 సెంటీమీటర్లకు ఎన్ని యున్నవో కొలుచుట తేరుకొన్నవాని పని. పట్టికలతో సరిచూచి సంవత్సరము నిర్ణయించుట పండితుని పని. తడుపుటయన్ననో, కవరు మూలను బిళ్ళచుట్టు కొంత వెలితి విడిచి కత్తిరించి, పళ్ళెములోని గోరువెచ్చని నీటిపై వేసి, ఊరకుండుట; తక్కిన పని నీరే చేయును. పావుగంటకు జిగురు కరగి బిళ్ళ తనంతట తాను జాఱును. లాగినచో చినుగును గనుక లాగరాదు. ఎఱ్ఱకవరు ముక్కను వేఱుగా నానవేయవలెను. లేనిచో దాని రంగు ఇరుగుపొరుగులకు అంటును. పిదప చిన్న శ్రావణముతో ఎత్తి, అద్దుడుకాగితముపై బోర్లించి, తడియారినపిమ్మట సూర్యరాయాంధ్ర నిఘంటువు నొక సంపుటమును పైనుంచినచో ముడుతలు పోవును. (ఆ మహాగ్రంథమును నిత్యము చేతబట్టువారిలో బిళ్ళలవారి సంఖ్యయే హెచ్చేమోయని మాకు సందేహము కలదు.) 1947 నవంబరు 21న వెలువడిన స్వతంత్రభారతపు తొలి బిళ్ళ, ఆ మూడున్నర అణాల జెండాబొమ్మ, తడిసిన కాగితమునుండి మెల్లగా విడివడి పళ్ళెములో తేలుచుండ చూచుటకు సత్తువయు అక్కరలేదు, సంకల్పమును అక్కరలేదు, కన్నులు తెఱచియుండిన చాలును.

“ఊరికే మూలగకు” అనునది స్పష్టార్థము.

శేషప్రశ్న: సత్తువయు కుదురును రెండును ఉన్నవాడేమి చేయవలెనో మూలమున లేదేమి? అట్టివాడు ఆదివారము పడకకుర్చీలో చిక్కడు గనుక మేనమామ కంటబడలేదని పెద్దలు.

పాఠభేదము: వంటయింటినుండి అత్తయ్య వినిపించిన పాఠమున “బిళ్ళలు తడుపు” అనుటకు మాఱుగా “బట్టలు తడుపు” అని యున్నది. అర్థగౌరవమున దీనిని త్రోసిపుచ్చుటకు వీలులేదు. మేనమామయు ఈ పాఠమును వినిన వెంటనే వీణ శ్రుతిచేయుటకు లేచెను.