.45 పీఠాధిపతులు

అమెరికాలో తుపాకుల దుకాణానికెళ్లి, "1911 పిస్తోలు కావాలండీ, 9 ఎం.ఎం.లో" అని అడిగి చూడండి. పక్కనున్న పెద్దమనిషి మిమ్మల్ని తద్దినం భోజనంలో ఉల్లిపాయ అడిగినవాణ్ని చూసినట్టు చూస్తాడు. ఆయన లెక్కలో 1911 మోడల్ అంటే .45 క్యాలిబర్ తూటా, .45 అంటే మగతనం. మిగతా తూటాలు పిల్లలకీ, ఐరోపావాళ్లకీ.

ఈ మతానికి స్థలపురాణం కూడా ఉంది. ఫిలిప్పీన్స్‌లో మోరో యోధులు .38 రివాల్వర్ గుండ్లు తగిలినా ఆగకుండా మీదికొచ్చేసరికి అమెరికా సైన్యం కంగారుపడింది. 1904లో థాంప్సన్, లగార్డ్ అనే ఇద్దరు అధికారులు షికాగో కబేళాలో బతికున్న పశువుల మీదా, మరోచోట వేలాడదీసిన శవాల మీదా కాల్చి చూశారు. గుండు తగిలితే శవం ఎంత ఊగిందో కూడా రాసుకున్నారు. విజ్ఞానశాస్త్రమంటే అదీ! చివరికి .45కి తగ్గితే కుదరదని తేల్చారు. భక్తులు ఈ పురాణాన్ని గుక్కతిప్పుకోకుండా అప్పజెబుతారు గానీ ఒక్క సంగతి మింగేస్తారు. ఆ పరీక్షలో పేలిన .45లు రివాల్వర్ తూటాలు. 1911 పిస్తోలులో పెట్టే .45 ఏసీపీ ఆ పరీక్షకు రానే లేదు.

మూలపురుషుడి సంగతి ఇంకా ఇబ్బంది. 1911ని రూపొందించిన జాన్ బ్రౌనింగ్, ఈ వంశంలో ముందు పుట్టిన 1900 మోడల్ కోల్ట్‌ని చేసింది .38 ఏసీపీలో. .45 సైన్యం కోరిన కొలత. 1929లో కోల్ట్ కంపెనీ ఆ .38లోనే మందు దట్టించి, .38 సూపర్ అని పేరుపెట్టి 1911 పిస్తోలులో దించింది. కారు రేకుని చీలుస్తుందని పోలీసులు మెచ్చుకున్నారు. దొంగలూ మెచ్చుకున్నారు. 1950 ప్రాంతానికి అదే కంపెనీ కమాండర్ మోడల్‌ని 9 ఎం.ఎం.లో అమ్మింది. అయినా పూజారి ఒప్పుకోడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

పోనీ లెక్క చూద్దాం. .45 గుండు దాదాపు 15 గ్రాములు, సెకనుకి 255 మీటర్లు. 9 ఎం.ఎం. గుండు 8 గ్రాములు, సెకనుకి 350. శక్తి గుణించి చూస్తే రెండూ ఇంచుమించు ఒకటే, 490 జౌళ్ల దగ్గర. వెడల్పులో తేడా రెండున్నర మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. నూరేళ్లుగా జుట్లు పట్టుకుంటున్నది దీనికోసం.

9 ఎం.ఎం. 1911 పిస్తోలులో నిజంగా ఆలోచించాల్సిన విషయం లేకపోలేదు. ఆ మ్యాగజైన్ 32 మిల్లీమీటర్ల పొడుగు తూటా కోసం చేసింది. 9 ఎం.ఎం. తూటా 30కి మించదు. అందుకే చాలా మ్యాగజైన్లలో వెనకవైపు ఖాళీని చిన్న రేకు అడ్డంపెట్టి పూడుస్తారు. స్లైడు స్ప్రింగు కూడా మెత్తనిది వెయ్యాలి, లేకపోతే తూటా ఇరుక్కుంటుంది. .38 సూపర్‌కి పొడుగు బాధ లేదు, .45 అంతే ఉంటుంది. కాకపోతే తూటా ధర చూస్తే గుండె గుభేలుమంటుంది. కొనేవాడికి పనికొచ్చే మాటలివి. వీటిలో మగతనం లేదు కాబట్టి పీఠాధిపతి ఎత్తడు.

ఎఫ్‌బీఐ చేసిన ప్రదక్షిణం మరీ ముచ్చటైనది. 1986లో మయామీ కాల్పుల్లో ఇద్దరు ఏజెంట్లు చనిపోయాక, 9 ఎం.ఎం. గుండు చాలినంత లోతుగా దిగలేదన్నారు. 10 ఎం.ఎం.కి మారారు. తన్నుడు ఎక్కువైందని మందు తగ్గించారు. మందు తగ్గాక అంత పొడుగు తూటా దేనికని, 1990లో .40 పుట్టింది. గత దశాబ్దంలో, గుండ్ల తయారీ మెరుగైంది, మనవాళ్ల గురి కూడా దీంతోనే బాగుంది అంటూ మళ్లీ 9 ఎం.ఎం. దగ్గరికే వచ్చారు. అన్నట్టు, ఆ 10 ఎం.ఎం. కోసం పుట్టిన తొలి పిస్తోలు బ్రెన్ టెన్ చాలామంది చేతికి మ్యాగజైన్ లేకుండానే వచ్చింది. క్యాలిబర్ మాత్రం అద్భుతం!

మన దేశంలో ఈ పీఠం వెలిసే వీల్లేదు. సైన్యం వాడే 9 ఎం.ఎం. తూటాలు పట్టే పిస్తోళ్లు మనకి నిషిద్ధ బోరు. లైసెన్సున్న సామాన్యుడికి చాలావరకు .32తో సరి. ఇటలీవాళ్లు ఇంకా గడుసువాళ్లు. సైన్యం తూటా పౌరులకు కూడదని అక్కడి చట్టం దశాబ్దాలపాటు అడ్డుపడితే, తూటా గొట్టాన్ని రెండు మిల్లీమీటర్లు పొడిగించిన 9x21 వాడుకున్నారు. ధర్మం నిలిచింది, పిస్తోలూ పేలింది.

ఇక షూటింగ్ రేంజిలో పీఠాధిపతిగారి కాగితం చూడండి. ఏడు తూటాలూ నల్లచుక్కకి కిందా ఎడమపక్కా పడ్డాయి. కుడిచేతివాటం మనిషి ట్రిగ్గర్ని గబుక్కున లాగితే అక్కడే పడతాయి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఆయన నేరం తూటా మీదికి నెట్టి, .45 కూడా చాలడం లేదని తేల్చాడు. 1911 కోసమే .50 జీఐ అని ఒక తూటా ఉంది, ఇప్పుడు దానికి ఆర్డరిచ్చాడు. వచ్చే వారం కూడా కిందా ఎడమపక్కానే, కాస్త పెద్ద చిల్లులు.