కిలుము కొన్నవారి గోల

ఖమ్మం జిల్లా నేలకొండపల్లి తవ్వకాల్లో దొరికిన కంచు బుద్ధుడు శతాబ్దాలు మట్టిలో ఉన్నా వారంటీ అడగలేదు. కంచు డైవింగ్ వాచీ కొన్నవారికి అంత ఓపిక లేదు. 2011లో పనెరాయ్ 'బ్రొంజో', 2016లో ట్యూడర్ కంచు వాచీ వచ్చాక, రంగు మారడమే అందమని డబ్బు పోసి కొంటున్నారు. మారేదాకా ఆగలేక ఉడికిన గుడ్డుతో కలిపి డబ్బాలో మూసి, వాచీకి బలవంతపు వృద్ధాప్యం తెప్పిస్తారు. మణికట్టు పచ్చబడగానే మోసపోయామంటారు. మోసం లోహానిది కాదు. గుడిగంటల కంచులో తగరం ఐదోవంతు దాకా ఉంటుంది. చాలా వాచీల్లో ఎనిమిది శాతమే, మిగతాదంతా దాదాపు రాగే. రాగికి చెమట తగిలితే పచ్చబడక గులాబీ రంగు వస్తుందా? ట్యూడర్ వాడే అల్యూమినియం కంచు మీద ఆక్సైడ్ పొర కట్టి రంగు నిదానంగా మారుతుంది. అప్పుడు 'ఇంకా పాతబడలేదేం?' అని మరో ఫిర్యాదు.

కంచు సముద్రపు లోహం, ఓడల ప్రొపెల్లర్లు దానివేగా అంటారు. నిజమే, ఉప్పునీటిని అది బాగా తట్టుకుంటుంది. కానీ ప్రొపెల్లర్‌ను ఎవరూ చేతికి కట్టుకోరు. అందుకే ట్యూడర్ వెనక మూత స్టీలుది, బ్రొంజోది టైటానియంది. చర్మం సంగతి తయారీదారుకు ముందే తెలుసు. పైగా ఖమ్మం జిల్లాలో సముద్రమెక్కడ? ఈ వాచీ చూసే లోతు మహా అయితే స్నానపు బకెట్టు. పచ్చబడకూడదనుకునేవారికి 2021లో ఒమేగా దారి చూపింది: కంచులో 37.5 శాతం బంగారం కలిపింది. కిలుముకొక ధర, అది పట్టకుండా ఉండటానికి అంతకు మించిన ధర!