పిట్ట వాలని బ

ఈ ఆత్మకథలో ‘నేను’ అన్న మాట ఉండదు. పలక మీద రాసినవాళ్ళ మాటే నిలుస్తుంది గానీ పలక మాట ఎవరు విన్నారు? అందుకే తన కథ తానే చెబుతున్నా, ఈ పలక ఎవరి కథో చెప్పినట్టే చెబుతుంది.

దాని పుట్టిల్లు మార్కాపురం. పలకలకు పెట్టింది పేరైన ఊరు. పొరలు పొరలుగా చీలే నల్లరాయిని కోసి, నునుపు చేసి, చుట్టూ చెక్క బిగించారు. అక్కణ్ణించి సికింద్రాబాద్ వచ్చి, బన్సీలాల్‌పేట్‌లో ఒక అమ్మమ్మ చేతికి చిక్కింది. ఆమె డ్రాయింగ్ టీచరుగా రిటైరైంది. అక్షరాలు దిద్దుకునే మనవడు ‘ఋ’ పక్కనున్న ఋషి బొమ్మ చూసి, “ఈ తాత ఎవరు?” అన్న రోజునే, వాడి కోసం వేరే బొమ్మల అక్షరమాల వేయాలనుకుంది. చిత్తు పని అంతా పలక మీదే.

బొమ్మలతో అక్షరాలు నేర్పడం కొత్త కాదు. 1658లో విద్యావేత్త కొమీనియస్ అచ్చు వేయించిన పిల్లల బొమ్మల పుస్తకంలో కాకి అరుపుతో ‘అ’, గొర్రెపిల్ల అరుపుతో ‘బ’ నేర్పారు. 1930లో రవీంద్రుడి ‘సహజ్ పాఠ్’కి నందలాల్ బోస్ నలుపు తెలుపుల్లో బొమ్మలు వేశాడు. రంగులు లేకపోతే పిల్లలు చూడరనేవాళ్ళకి పలక ఆ పుస్తకం పేరే చెబుతుంది. దాని స్వార్థం దానిది!

అమ్మమ్మ మాత్రం పుస్తకాలు తిరగేయలేదు, చిన్ననాటి ఊరిని తలుచుకుంది. ఆదిలాబాద్ వైపు పల్లె. ఎండాకాలం తెల్లారుజామున చెట్టు కింద రాలిన ఇప్పపూలు ఏరుకున్న చెయ్యి అది. కాబట్టి ‘ఇ’కి ఇల్లు పోయి ఇప్పపువ్వు వచ్చింది. ‘ఈ’కి ఈతచెట్టు, ‘ఊ’కి మర్రి ఊడ, ‘ఎ’కి ఎండ్రకాయ, ‘ఐ’కి ఐదు రేకుల మందారం. ‘త’కి తంగేడు అనగానే కుదిరింది. ‘జ’ దగ్గరే తకరారు: జింకా, జమ్మిచెట్టా? రెండూ తెలంగాణ రాష్ట్ర చిహ్నాలే. చివరికి జమ్మి నీడన జింకను నిలబెట్టింది.

తలకట్టు దగ్గర ఆమె చేసిన పనే పలకకు అన్నిటికన్నా నచ్చింది. క, గ, చ, త, ప... ప్రతి అక్షరం నెత్తినా తలకట్టును రెక్కలు విప్పిన పిట్టగా మార్చింది. బలపం మొనతో రెండే గీతలు, ఒక చుక్క కన్ను. మనవడు ఊరుకుంటాడా? ‘బ’ మీద కూడా పిట్టను పెట్టేశాడు. అమ్మమ్మ తడిగుడ్డతో తుడిచి, “దానికి తలకట్టు లేదు బిడ్డా, పిట్ట కూసునే జాగ లేదు” అంది.

“మరి యాడికి పోవాలె?”

“కింద బాయి ఉంది గద, నీళ్ళు తాగనీ.”

అలా ‘బ’కి బావి దక్కింది, అదీ వాళ్ళ పేటలోని మెట్లబావే. పదిహేడో శతాబ్దం నాటిది. 1933లో బ్రిటిష్ రెసిడెంట్ కీస్ దాని చుట్టూ ఆదర్శ గ్రామం కట్టించాడు. డబ్బిచ్చిన సేఠ్ బన్సీలాల్ పేరే పేటకు వచ్చింది. తర్వాత దశాబ్దాల పాటు బావి చెత్తతో పూడిపోయింది. పూడిక తీసి, బాగు చేసి 2022 డిసెంబరు 5న మళ్ళీ తెరిచారు. పిల్లవాడు వెళ్ళి మెట్లు చూసి వచ్చాడు. బొమ్మలో మెట్లు తక్కువయ్యాయని పేచీ పెట్టి, పలక చెక్క దాకా గీయించాడు.

ణ, ళ లతో తెలుగులో మాటలు మొదలు కావు. వాటికి బాణం, తాళం పెట్టి గట్టెక్కింది. ‘ఙ’ గడి ఇంకా ఖాళీ. అందులో మబ్బు వేస్తానంటాడు మనవడు.

“మబ్బుల ఙ యాడుందిరా?”

“ఏడ లేదు గద అమ్మమ్మా, అందుకే!”