చిల్లర బాకీలు

మొన్న పొద్దుగాల ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర చాయ్ కోసం నిలబడ్డ. నా పక్కకు ఒక పోరడు వచ్చిండు, ఇరవై రెండేండ్లు ఉంటయేమో. చెవులల్ల తెల్ల బుడిపెలు. నోరు తెరువలే, ఒక్క వేలు చూపిండు. హోటలాయన తలెత్తలే, గ్లాసు ముందుకు జరిపిండు. పోరడు ఫోను తీసి ఆ నల్ల చుక్కల అట్టకు చూపెట్టిండు. గోడకు తగిలిచ్చిన పెట్టె పది రూపాయలు వచ్చినయని బజారంత వినపడేటట్టు చెప్పింది. పోరడు తాగిండు, గ్లాసు పెట్టిండు, పోయిండు. అక్కడ మనుషులం ముగ్గురం ఉన్నం. మాట్లాడింది పెట్టె ఒక్కటే.

ఆ పోరడు నువ్వే కావచ్చు బిడ్డా. నువ్వు కాకుంటే నీ దోస్తు. డెబ్బై దాటిన ముసలోడు ఏదో గొణుగుతున్నడని పేజీ తిప్పకు. నీ మంచికే చెప్తున్న, కొసదాక విను.

మా రోజులల్ల చాయ్ తాగాలంటే చిల్లర కావాలె. చిల్లర ఎవ్వని దగ్గర ఉండకపోయేది. రూపాయి నోటు చేతుల పెడితే హోటలాయన గల్లాపెట్టె గుంజి, అడుగుదాక చెయ్యి ఆడిచ్చి, చారాన తక్కువ ఇచ్చి "రేపు తీస్కపో తమ్మీ" అనేటోడు. ఇంకోరోజు నా దగ్గరనే తక్కువ పడేది, "రేపిస్తనే" అని నేను వచ్చేటోణ్ణి. ఇగ రేపు పోకుండ ఎట్ల ఉంటవ్? పోవాలె. పోయినంక చారాన ఒక్కటే ఇచ్చి వస్తవా? "మీ నాయన దగ్గు తగ్గిందా?" అని ఆయన అడుగుతడు. "నీ కొడుకు పరీక్ష ఏమాయె?" అని నేను అడుగుత. ఆయన నాకు చుట్టం కాదు, కులపోడు కాదు, దోస్తు కూడా కాదు. కానీ నేను మూడు రోజులు కనపడకుంటే ఫలానాయన బిడ్డకు జరమొచ్చిందా ఏందని నలుగురిని అడిగే మనిషి ఆయన. మా ఇద్దరి నడుమ ఉన్న దారం ఆ చారానే. ఆ చారానను సర్కారు 2011 జూన్ 30తోని చెల్లకుండ చేసింది. ఆ తర్వాత అయిదేండ్లకు పెద్ద నోట్లు రద్దు చేసిండ్రు, ఫోన్లల్ల పైసలు వచ్చినయి. ఇప్పుడు పైసతో సహా లెక్క అక్కడికక్కడ తెగిపోతది. లెక్క తెగినంక మనిషితోని ఏం పని?

బస్సు సంగతి చెప్పకపోతే ఈ చిల్లర ముచ్చట పూర్తికాదు. ఇప్పుడు 277 నంబరు బస్సులు నిమిష నిమిషానికి తిరుగుతున్నయి గని, మేము పట్నంల నౌకరి చేసే దినాలల్ల పొద్దున ఒక బస్సు తప్పితే ఇంకొక బస్సుకు ప్రాణం పోయేది. కండక్టరు టికెటు వెనుక మిగిలిన పైసలు పెన్నుతోని రాసేటోడు. దిగేటప్పుడు గుర్తుపెట్టుకొని అడుగుకోవాలె. ఒక్కోసారి చిల్లర మొత్తానికే లేకుంటే, ముక్కు మొగం తెలువని ఇద్దరిని జత చేసి ఒకటే నోటు చేతుల పెట్టి "మీరిద్దరు పంచుకోండ్రి" అని ముందుకు పోయేటోడు. ఈ కాలపు పిల్లలకు చెప్తే నమ్మరు. పెండ్లి చేసినట్టే చేసేటోడు మమ్ముల.

అట్లనే ఒకరోజు నన్ను, యాచారం దిక్కు నుంచి వచ్చే ఒక సారును జత చేసిండు. చేతుల ఒక్క రెండు రూపాయల నోటు. దిల్‌సుఖ్‌నగర్‌ల దిగి పాన్‌డబ్బా కాడికి పోయినం, ఏదన్న కొనందే చిల్లర ఇయ్యనన్నడు. కిరాణ దుకాణమోడు మొగమే తిప్పుకున్నడు. నోటు నా చేతుల ఉన్నది, ఆయన నా పక్క వదులుతలేడు. నేను ఆయనను వదిలిపెట్టి పోతే దొంగనయిత. కొసకు ఇద్దరం హోటల్ల కూసొని చెరొక చాయ్ తాగినం, మీద రెండు సమోసాలు తిన్నం. బిల్లు కట్టంగ పంచుకోను ఏం మిగలలే. అట్ల మొదలైన ముచ్చట నలబై ఏండ్లు నడిచింది. ఆయన బిడ్డ లగ్గానికి మేము పోయినం, మా నాయన పోయిననాడు అందరికంటే ముందు వచ్చి పాడె కట్టించింది ఆయన. ఇప్పుడు మిషను ఉన్నది, కార్డున్నది, ఫోనున్నది. కండక్టరుకు మనలను జత చేసే అవసరం లేదు. ఇంజాపూర్, తుర్కయంజాల్ ఎప్పుడొచ్చినయో ఎప్పుడు పోయినయో తెలువకుండ అందరు అద్దంలోకి చూసినట్టు ఫోన్లల్లకు చూసుకుంట పోతున్నరు. ఎల్బీనగర్ల మెట్రో ఎక్కితే ఇంక చెప్పొద్దు. రెండు వందలమంది ఒక పెట్టెల నిలబడి దగ్గు తప్ప ఇంకో చప్పుడు లేకుండ పోవుడు నేను మయ్యతు కాడ కూడ చూడలే.

ఇండ్లల్ల కూడ అట్లనే. నా చిన్నప్పుడు అగ్గిపెట్టె పొదుపు. పొద్దుగాల ఎవరి పొయ్యి ముందు అంటుకుంటే వాళ్లింటికి మా అమ్మ నన్ను పిడకతోని పంపేది. వాళ్లు పొయ్యిలకెళ్లి రెండు కణకణలాడే నిప్పులు పిడక మీద పెట్టి, పైన ఇంత బూడిద చల్లి ఇచ్చేటోళ్లు. ఆరకుండ ఊదుకుంట ఉరికి రావాలె. నేను నడుమల ఆగేటోణ్ణి. ఒక అరుగు మీద తాత పిలిచి "మీ బర్రె ఈనిందా?" అంటడు, ఇంకొక వాకిట్ల సాన్పు చల్లే పెద్దమ్మ "మీ అమ్మ ఇవ్వాళ కలుపుకొస్తదేమో అడుగు" అంటది. వీళ్ళందరికి జవాబులు చెప్పి ఇంటికి వచ్చేటాళ్లకు పిడక సగం కాలి వేళ్ల దాక వచ్చేది. మా అమ్మ నిప్పు కంటే ముందు కబురే అడుగుతుండె. పెరుగు తోడు, చాటెడు బియ్యం, ఇంత చింతపండు, నిచ్చెన, గునపం - ఏ ఇంటి సామాను ఏ ఇంట్ల ఉన్నదో సగం రోజులు తెలువకపోయేది. ఇచ్చిన గిన్నె ఉత్తగ తిరిగి రావొద్దు, అది మా అమ్మ కట్టడి. ఏం లేకుంటే ఇంత బెల్లం ముక్కన్న వేసి పంపేది. ఆ బెల్లానికి వాళ్లు మళ్ల దోసకాయ పంపేటోళ్లు. ఇగ ఈ లెక్క ఎప్పుడు తెగాలె?

ఇప్పుడు కొత్తిమీర కట్ట కావాల్నన్నా ఫోన్లనే. తెచ్చిన పిల్లగాడు సంచి గడప మీద పెట్టి, ఫోటో తీసుకొని పోతడు. ఆ ఎండల వచ్చినోనికి మంచినీళ్లు కావాల్నా అని అడుగుదామని నేను లేచి తలుపు తీసేటాళ్లకు బండి మలుపు తిరుగుతది.

నడక కూడ అంతే. పొద్దున పెద్ద చెరువు కట్ట మీదికి పోత నేను. కుతుబ్‌షాహీల కాలం చెరువు అది. ఊరు పేరు ఇబ్రహీం కుతుబ్‌షా పేరే. 1550 నుంచి 1580 దాక గోల్కొండ ఏలిన ఆ సుల్తాను తెలుగు కవులను దగ్గర కూసోబెట్టుకొని మాట్లాడినందుకే కదా వాళ్లు ఆయనను మల్కిభరాముడని పిలుచుకున్నది! ఆయన కట్ట మీద ఇప్పుడు ఎదురొచ్చే మనిషి చేతి గడియారంల అడుగులు లెక్క పెట్టుకుంటడు. "ఏం సారూ, బాగున్నరా?" అంటే ఉలిక్కిపడి చూస్తడు, నేను చందా అడుగుతనేమో అన్నట్టు.

నా మనవరాలు పట్నంల మనస్తత్వశాస్త్రం చదువుతున్నది. ఈ గొణుగుడంత విని "తాతా, నీ మాట నిజమే, దాని మీద పరిశోధనలు ఉన్నయి" అన్నది. కెనడాల వాంకూవర్ల ఒక కాఫీ దుకాణం కాడ జిలియన్ శాండ్‌స్ట్రామ్, ఎలిజబెత్ డన్ అనే ఇద్దరు వచ్చేటోళ్లను రెండు గుంపులు చేసిండ్రట. ఒక గుంపుకు పైసలు ముందే తీసి పట్టుకొని, పనికిరాని మాట లేకుండ కొనుక్కొని రమ్మన్నరు. ఇంకో గుంపుకు కాఫీ పోసే మనిషి కండ్లల్లకు చూసి, నవ్వి, రెండు మాటలు మాట్లాడి రమ్మన్నరు. మాట్లాడి వచ్చినోళ్ల మనసులే తేటగ ఉన్నయి. 2014ల అచ్చయింది అది. అదే ఏడు షికాగోల నికోలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ రైలెక్కేటోళ్ల మీద చేసిండ్రు. పక్కనున్న తెలువని మనిషితోని మాట్లాడుడు కష్టమనే అందరు అనుకున్నరట. మాట్లాడినోళ్ల ప్రయాణమే అందరికంటే మంచిగ నడిచిందట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జూన్ నెలాఖరుల ఇచ్చిన నివేదిక చదివి వినిపించింది: లోకంల ఆరుగురిల ఒకరికి ఒంటరితనం, దానితోని ముడిపడిన సావులు ఏడాదికి 8 లక్షల 71 వేలు. గంటకు వందమంది. ఆ అంకె విన్ననాడు నాకు బువ్వ సయించలే. నలుగురు పలకరిస్తే బతికే మనుషులు కదా వాళ్లు.

అయితే మనవరాలు అంతటితోని ఊకోలే. "తాతా, ఆ నిప్పు, ఆ తోడు అందరికి ఇచ్చేటోళ్లా?" అన్నది.

ఇయ్యలే. అది దాచి చెప్తే ఈ రాసిందంత అబద్ధమయితది. మా అమ్మ పిడక పంపిన ఇండ్లన్ని మా వాడ ఇండ్లే. హోటల్ల మాదిగోళ్లకు గ్లాసు వేరుగ ఉండేది, వాళ్లు బయట కూసొని తాగి, వాళ్లే కడిగి పెట్టేది. నేను ఆ గ్లాసులను రోజు చూసిన, ఏమి అనలే. బాకీ మంచిదని ఇంతసేపు చెప్పిన కదా. ఇదే తాలూకల కొన్ని బస్తాల జొన్నల బాకీకి మనిషి మనిషే జీతగాడయి, తండ్రి తీర్చలేకపోతే కొడుకు వచ్చి దొడ్లె పేడ తీసిండు. వెట్టిచాకిరి రద్దు చట్టం 1976ల వచ్చినంక గూడ ఆ లెక్కలు తెగలే. 1980లల్ల ఇబ్రహీంపట్నం తాలూకల వ్యవసాయ కూలీలు సంఘం కట్టిండ్రు, గీతా రామస్వామి వాళ్లతోని కలిసి ఊరూరు తిరిగింది, కొట్లాడినంకనే తెగినయి. ఆ బాకీలు తెగినందుకు నాకు సంతోషం. అరుగు మీద ఇప్పుడు ఎవరన్న కూసోవచ్చు. కానీ బిడ్డా, ఎవరన్న కూసోవచ్చన్న రోజు వచ్చేటాళ్లకు అరుగులే కొట్టేసి కార్లు పెట్టుకునే జాగ చేసుకున్నరు, అదే నా కడుపుమంట.

ఇంకొకటి కూడ ఒప్పుకోవాలె. 2023 డిసెంబరు 9 నుంచి ఆడోళ్లకు బస్సుల టికెటు లేదన్నరు. నాకు సీటు దొరుకకుండ పోయింది, ఏడాది పొడుగూత తిట్టుకున్న. ఒకరోజు బొంగుళూరు గేటు దాక నిలబడి పోతుంటే ముందర ఇద్దరు ఆడోళ్లు మాట్లాడుకుంటున్నరు. ఒకరికి ఒకరు తెలువదు, ఊర్లు అడుగుకున్నరు. ఒకామె సంచిల కరివేపాకు కట్ట చూసి రెండో ఆమె "ఎక్కడ కొన్నవక్కా?" అన్నది. "కొనుడేంది, ఇంట్ల చెట్టున్నది. రేపు ఇదే బస్సుకు వస్తే పిలక తెస్త" అన్నది. "కాళ్లు నొస్తలేవా తాతా, కూసో" అని లేచి నాకు జాగ ఇచ్చింది కూడ ఆ అక్కనే. మర్నాడు నాకు పట్నంల పని లేదు. అయినా అదే బస్సెక్కిన. పిలక వచ్చింది, తడిగుడ్డల చుట్టి, ఇంత మట్టితోని.

మా ఇంటి మీద గదిల ఆదిబట్లల సాఫ్ట్‌వేర్ నౌకరి చేసే పిల్లగాడు కిరాయికి ఉన్నడు. రెండు నెలలు మెట్లెక్కుడు దిగుడు చప్పుడే గని మాట లేదు. కిరాయి కూడ ఫోన్లనే వేస్తడు, ఒకటో తారీకున, ఒక్క రూపాయి అటు ఇటు కాకుండ. మొన్న మంగళవారం రాత్రి తలుపు కొట్టిండు. ఉత్త చేతులతోని నిలబడి "ఆంటీ, కొంచెం తోడు ఉందా? పాలు కాగబెట్టిన, మా అమ్మ ఫోన్ల చెప్తున్నది" అన్నడు. దీపం పెట్టినంక తోడు ఇయ్యరాదని మా ఇంటామె నా దిక్కు చూసింది. ఇయ్యమన్న. చిన్న స్టీలు గిన్నెల రెండు చెంచాల పెరుగు వేసి, దిష్టికి ఒక ఎండుమిరపకాయ వేసి ఇచ్చింది.

ఆరు రోజులాయె, గిన్నె రాలే. అది మా ఇంటామెకు వాళ్ల అమ్మగారు పెట్టిన గిన్నె, అడుగుమని రోజూ పోరు పెడుతున్నది. నేను అడుగుతలేను. పొద్దున మెట్లు దిగంగనే ఆ పిల్లగాడే చెవులల్ల బుడిపెలు తీసి "తాతా, మీ గిన్నె మీదనే ఉండిపోయింది, సాయంత్రం తెస్త" అంటున్నడు.

"తొందరేం లేదు బిడ్డా, పెరుగు మంచిగ తోడుకున్నదా?" అంటున్న.