హైటెక్ సిటీలో అతి పొడవైన నది

నదీమూలం, ఋషిమూలం అడగకూడదని పెద్దలన్నారు. సైబరాబాద్‌లో ఇల్లు కొన్నవాళ్ళు ఆ జాబితాలో వెంచర్ మూలాన్ని కూడా చేర్చుకున్నారు. ఋషుల సంగతి మనకెందుకు గానీ, నది ఎక్కడ పుట్టిందో అడగకుండా దాని పొడవు చెప్పడం మాత్రం కుదరదు. టేపు ఒక కొస ఎక్కడ పట్టుకోవాలో తేలకుండా రెండో కొస సముద్రంలో ముంచి ఏం లాభం? 2007లో బ్రెజిల్ పరిశోధకులు పెరూ కొండలెక్కి, అమెజాన్ పుట్టుక ఇంకా ఎగువన ఉందని, దాని పొడవు 6,800 కిలోమీటర్లని తేల్చారు. అప్పటిదాకా దాదాపు 6,650 కిలోమీటర్లతో నిశ్చింతగా పారుతున్న నైలు నదికి మొదటి ర్యాంకు మీద పేచీ మొదలైంది. ఎగువన కొత్త వారసుడు బయటపడితే ఏమవుతుందో శేరిలింగంపల్లి భూముల కేసులు చూసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

ఆ పేచీ ఈమధ్య నానక్‌రామ్‌గూడలో ఒక గేటెడ్ కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపులోకి దిగింది. నాలుగో తరగతి పాపకు బడిలో ప్రాజెక్టు ఇచ్చారు: మీ ప్రాంతంలో అతి పొడవైన నదులేవో చార్టు మీద గీసి తీసుకురావాలి. వాళ్ళమ్మ గ్రూపులో అడిగింది. అడగకుండా ఉండాల్సింది.

"అందులో అడగడానికేముందమ్మా? మా గోదారి 1,465 కిలోమీటర్లండి. త్ర్యంబకంలో పుట్టింది. గంగ తర్వాత దేశంలో అంత పొడుగుది ఇంకోటి లేదు, ఆయ్!" అని రాజమండ్రి నుంచి కొడుకు దగ్గరికొచ్చిన బి బ్లాకు పెద్దాయన ప్రకటించారు. బెజవాడ నుంచి కూతురి దగ్గరికొచ్చిన సి బ్లాకు పెద్దాయన ఊరుకుంటారా? "మా కృష్ణ 1,400 అండీ. అయినా పొడుగుదేముంది, తాటిచెట్టూ పొడుగే. బ్యారేజీ దగ్గర వెడల్పు చూశారా ఎప్పుడైనా?" "వెడల్పు మాటెత్తకండి, ధవళేశ్వరం వచ్చి చూసి మాట్లాడండి!" ఇలా అర్ధరాత్రి దాకా నడిచింది. ఇద్దరి మధ్యా తేడా 65 కిలోమీటర్లు. మన ఔటర్ రింగ్ రోడ్డే 158 కిలోమీటర్లు. దాని మీద సగం చుట్టు తిరిగినా అంతకంటే ఎక్కువే అవుతుంది. మెయింటెనెన్స్‌కు సంబంధం లేని మెసేజీలు పెట్టవద్దని సెక్రటరీ గారు మూడుసార్లు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు.

అప్పుడు లేచాడు వికారాబాద్ అన్న. "మంచిగున్నది సార్! ఒకటి నాసిక్ దిక్కు పుట్టె, ఒకటి మహాబలేశ్వరంల పుట్టె. పోరి అడిగింది మన ప్రాంతం గురించి గదా! మా అనంతగిరి గుట్టల్ల పుట్టిన మూసీ లెక్కల్లేదా?"

కాసేపు గ్రూపంతా నిశ్శబ్దం. తర్వాత ఎవరో టైపు చేశారు: "మూసీ రివరా? నేను నాలా అనుకున్నా."

ఆ నాలాయే 240 కిలోమీటర్లు నడిచి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. 1908 సెప్టెంబరు 28న అది వేల ప్రాణాలు తీసుకుపోతే నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టింది అందుకే. ఆ జలాశయాలు కట్టినవాళ్ళు నది ఉగ్రరూపం కళ్ళారా చూసినవాళ్ళు. మనం చూసింది గండిపేటలో వీకెండ్ రిసార్టులు. చివరికి చార్టులో మూసీకి చోటు దక్కింది గానీ, నీలం స్కెచ్ పెన్ను వాడాలా, నలుపు వాడాలా అన్నది ఇంకో పూట చర్చ.

నిజం చెప్పుకోవాలంటే ఈ ప్రాంతానికి నదులు గొట్టాల్లో వస్తాయి. టు-లెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే ఓనరు గారు మొదట చెప్పే మాట, "మంజీరా వాటర్ ఉందండీ". మహారాష్ట్ర బాలాఘాట్ కొండల్లో పుట్టి 724 కిలోమీటర్లు ప్రయాణించే నది, అద్దె ఓ రెండు వేలు పెంచడానికి పనికొచ్చే అర్హతగా మారింది. గోదావరి ఎల్లంపల్లి నుంచి 186 కిలోమీటర్ల పైపులో వస్తుంది. కృష్ణ నాగార్జునసాగర్ వైపు నుంచి నూరు కిలోమీటర్లకు పైగా పంపుల మీద ఎక్కి వస్తుంది. బి బ్లాకు పెద్దాయన, సి బ్లాకు పెద్దాయన ఏ నది కోసం కొట్టుకున్నా, తెల్లారి స్నానం చేసేది మాత్రం ఒకే సంపులో నీళ్ళతో. ఎండాకాలంలో ఆ సంపు కూడా ఎండిపోయాక కాలనీ జీవనది ట్యాంకరే. దాని మూలం మాత్రం నిజంగానే అడగకూడదు.

ఇవన్నీ పైనుంచి వచ్చిన నదులు. సైబరాబాద్ సొంత నది వేరే ఉంది. గంటసేపు గట్టి వాన పడితే పుడుతుంది. ఐకియా దగ్గర పుట్టి, మైండ్‌స్పేస్ మీదుగా బయోడైవర్సిటీ జంక్షన్ వైపు సాగుతుందని కొందరు, కాదు, కొండాపూర్ పాయను కలిపి కొలవాలని కొందరు. కొత్తనీరు వచ్చినప్పుడు గోదారి ఎర్రబడుతుంది కదా, ఈ నది కూడా సాయంత్రం ఆరయ్యేసరికి ఫోను మ్యాపులో ముదురు ఎరుపెక్కుతుంది. ఒడ్డున మెట్రో పిల్లర్ కింద బైకు ఆపుకుని ఒక కుర్రాడు నిలబడి ఉంటాడు. రెయిన్‌కోటు ల్యాప్‌టాప్ బ్యాగుకు తొడిగి, తాను తడుస్తుంటాడు. భద్రాచలంలో గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఇక్కడా మూడే ఉన్నాయి. 2023 జూలై వానల్లో సైబరాబాద్ పోలీసులు ఐటీ కంపెనీలు మూడు విడతలుగా లాగౌట్ కావాలని చెప్పారు, మొదటి విడత మధ్యాహ్నం మూడింటికే. ప్రపంచంలో నదికి దారి ఇవ్వడానికి మేనేజరు అనుమతి అడిగే చోటు ఇంకెక్కడైనా ఉందేమో భూగోళ శాస్త్రవేత్తలు చెప్పాలి.

దీన్ని ముంపు అంటున్నారు. నీళ్ళ వైపు నుంచి చూస్తే ముంపేమీ లేదు. 1998లో వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించేనాటికి ఇక్కడున్నవి రాళ్ళగుట్టలు, వాటి మధ్య గొలుసుకట్టు చెరువులు, కుంటలు. దుర్గం చెరువు నిండితే నీళ్ళు మల్కం చెరువుకు, అక్కణ్ణుంచి కిందికి మూసీ వైపు పోయేవి. ఇప్పుడూ వాన నీరు వెతుక్కునేది ఆ వాలునే. దారిలో మనం ఫుడ్ కోర్టు పెట్టాం.

ఆ దారుల పొడవు ఎంతని అడిగితే జవాబులు మూడు. గ్రామ నక్షాలో నాలా వంకరటింకరగా పోతుంది. లేఅవుట్ కాగితంలో అదే నాలా వంకలన్నీ వదులుకుని ప్లాట్ల అంచునే బుద్ధిగా నిటారుగా నడుస్తుంది. నేల మీదికి దిగితే ఓ గోడ దాకా కనిపించి, ఆ తర్వాత మాయం. చిన్న స్కేలుతో కొలిస్తే వంకలన్నీ లెక్కలోకొచ్చి నది పొడవు పెరుగుతుందని, పెద్ద స్కేలుతో కొలిస్తే తగ్గుతుందని గణితజ్ఞులు ఎప్పుడో చెప్పారు. మన బిల్డర్ల దగ్గరున్న స్కేలు చాలా పెద్దది. దాని పేరు ప్రహరీ.

2024 జూలైలో చెరువుల ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చింది. ఆగస్టులో మాదాపూర్ తమ్మిడికుంట దగ్గర ఒక కన్వెన్షన్ హాలును కూల్చింది. ఆ వారం నగరంలో ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పటి హద్దు), బఫర్ జోన్ (దాని చుట్టూ వదలాల్సిన జాగా) అనే మాటలు పలకని నోరు లేదు. క్యాబ్ డ్రైవర్ దగ్గర్నుంచి పెళ్ళిపిలుపుకొచ్చిన చుట్టం దాకా అందరూ జలవనరుల ఇంజనీర్లే. తర్వాత ఐపీఎల్ వచ్చింది.

పాప చార్టు మాత్రం పూర్తయింది. గోదావరి, కృష్ణ, మంజీరా, మూసీ, ఆ వరసలోనే. దుర్గం చెరువు నుంచి మూసీకి పోయే నాలా అందులో లేదు. పొడవు తక్కువని కాదు, గూగుల్‌లో వెతికితే ఆ పేరుతో ముందు ఫ్లాట్లే వచ్చాయి.

కాబట్టి, లేక్ వ్యూ ఫ్లాటుకు అడ్వాన్సు కట్టబోతున్న పాఠకులకు ఒక మనవి. బ్రోచరు మూసేసి, ఆ సర్వే నంబరుకు గ్రామ నక్షా తీయించండి. అందులో నీలిగీత మీ బ్లాకు పక్కనుంచి పోతుందో, మీ బ్లాకు కిందనుంచి పోతుందో చూసుకున్నాకే సంతకం పెట్టండి. గీత కిందనుంచి పోతుంటే కనీసం సెల్లార్ పార్కింగ్ వద్దనండి.